వేలమంది చందాదారులకు ఈ-మెయిలు లేఖలు: వ్యయ విధాన పరిశీలనము

తెలుగుదేశమునకు వెలుపల నివసించు తెలుగువారు స్థాపించుకొనిన సంఘములకు ప్రధానమైన పని సభలు జరుపుటయే యని పలువురు తలంతురు. పరిశీలించినచో సభకంటె ముందుగా జరుగవలసిన పని యొకటి కలదు. అది సభ జరుగునను వార్తను సభ్యులకు చేర్చుట. ఉగాది సభ వార్త ఆలస్యమైనచో కొన్ని కుర్చీలు ఖాళీగా నుండును. అంతకు మించిన నష్టము లేదు. కాని పిల్లల తెలుగు తరగతికి పేర్లు నమోదు చేసికొను గడువును తెలుపు లేఖ చేరనిచో చేరవలసిన పిల్లలు చేరరు. తగినంతమంది పిల్లలు లేని తరగతి నిలువదు. ఒకసారి మూతపడిన తరగతిని మరల తెఱచుట యెంత కష్టమో అల్పసంఖ్యాక భాషల పాఠశాలల స్థితిగతుల నెఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. కావున లేఖలు పంపు విధానమును, దాని వ్యయమును గూర్చి విచారించుట తెలుగు సంఘములకు చిన్న విషయము కాదు.

బెంగుళూరు నగరపు తూర్పుభాగమున కుందలహళ్లి నానుకొనియున్న బ్రూక్‌ఫీల్డు ఈ విచారణకు చక్కని యుదాహరణము. సింగపూరు సహకారముతో నిర్మింపబడిన టెక్ పార్కు 1990వ దశకము చివర వైట్‌ఫీల్డు మార్గమున వెలసినది మొదలు ఈ ప్రాంతమునకు ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములు మిక్కుటము. 2023 మార్చి 25వ తేదీన కృష్ణరాజపురము నుండి వైట్‌ఫీల్డు వఱకు మెట్రో రైలు నడచుటతో ఈ వలస మఱింత సులభమైనది. ఇచటి కుటుంబములలో పెక్కు అద్దె యిండ్లలో నుండును. అద్దె ఒప్పందము సామాన్యముగా పదునొకండు నెలలకు వ్రాయుదురు. ఒప్పందము ముగిసినపుడు ఇల్లు మారును. ఇల్లు మారినపుడు సంఘపు పుస్తకములోని చిరునామా పనికిరానిదగును. ఈ-మెయిలు చిరునామా అట్లు కాదు. మనిషి బ్రూక్‌ఫీల్డు విడిచి హైదరాబాదునకో, డల్లాసునకో పోయినను అది అతనితో పోవును. ఇందొక మినహాయింపు కలదు. ఉద్యోగపు కంపెనీ యిచ్చిన ఈ-మెయిలు చిరునామా ఉద్యోగము మారిన దినముననే మూతపడును. సభ్యత్వ పత్రమున స్వంత చిరునామానే అడుగవలెనని కార్యదర్శులు మొదటనే నియమము పెట్టుకొనుట మేలు.

చందాదారులకు చౌకగా పంపుట యను సమస్య ఈ-మెయిలుతో పుట్టినది కాదు. తెలుగు పత్రికలు వ్యాపించుటకు తపాలా రాయితీ ఎంతో తోడ్పడినది. 1898 నాటి భారత తపాలా చట్టములోని తొమ్మిదవ విభాగము ప్రకారము, ముప్పదియొక్క దినములకు మించని వ్యవధిలో వెలువడుచు, నిజమైన చందాదారుల పట్టిక గలిగిన వార్తాపత్రిక తపాలాశాఖలో నమోదు కావచ్చును. అట్లు నమోదైన పత్రికను 50 గ్రాముల బరువు వఱకు 25 పైసలకే చేరవేసెడి కాలము చిరకాలము సాగినది. ఆ చట్టమునకు బదులుగా 2023 నాటి క్రొత్త చట్టము 2024 జూన్ 18వ తేదీన అమలులోనికి వచ్చినది. పాత చట్టమునందలి ‘నిజమైన చందాదారుల పట్టిక’ యను మాట చదువరులు గుర్తుంచుకొనదగినది. నూట యిరువదియైదేండ్ల క్రిందట తపాలాశాఖ రాయితీ యిచ్చుటకు ఏ ప్రశ్న అడిగినదో, నేడు గూగులు, యాహూ సంస్థలు లేఖను లోపలికి రానిచ్చుటకు ఆ ప్రశ్ననే అడుగుచున్నవి.

ఇపుడు లెక్క చూతము. ఒక సంఘమునకు నాలుగువేలమంది చందాదారులు గలరనియు, నెలకు నాలుగు లేఖలు పంపవలయుననియు అనుకొందము. కవరులోని సామాన్యపు ఉత్తరమునకు అయిదు రూపాయల చొప్పున ఒక్క పర్యాయమునకే తపాలా బిళ్లలకు ఇరువదివేల రూపాయలగును, నెలకు ఎనుబదివేలు. కార్డు యాబది పైసలే కదా యని కొందఱందురు. ఆ ధర చేతితో వ్రాసిన కార్డునకు మాత్రమే. అచ్చు వేసిన కార్డునకు ఆరు రూపాయలు. నాలుగువేల కార్డులు చేతితో వ్రాయగల కార్యదర్శి యున్నచో ఆ సంఘము ధన్యమైనది. ఫోనునకు పంపు చిన్న సందేశములు, అనగా ఎస్.ఎం.ఎస్.లు, తెలుగునకు మఱియొక విధముగా అననుకూలములు. ఇంగ్లీషు సందేశమొకటి 160 అక్షరముల వఱకు నుండవచ్చును; తెలుగు లిపిలో వ్రాసినచో 70 సంకేతములకే ముగియును. కాబట్టి ఒకే వార్తకు తెలుగున రెండు మూడు సందేశముల వెల చెల్లింపవలసివచ్చును. అదిగాక టెలికాం నియంత్రణ సంస్థ 2018లో చేసిన నిబంధనలననుసరించి పంపువారి పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయించవలెను. వాట్సాప్ గుంపులో 1,024 మందికి మించి చేరరాదు. పైగా గడువు తెలుపు ప్రకటన ఉదయపు శుభాకాంక్షల క్రింద కప్పబడిపోవుట అందఱును ఎఱిగినదే.

ఈ-మెయిలు ఇంత చౌక యగుటకు కారణము దాని నిర్మాణమునందే కలదు. 1982లో జాన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్.ఎం.టి.పి. అను నియమావళి ప్రకారము ఒక సర్వరు మఱియొక సర్వరును పలుకరించి, పంపువారి పేరు, పొందువారి పేరు చెప్పి, లేఖను అప్పగించును. నడుమ బిళ్ల లేదు, తూకము లేదు. కాని ఆ నియమావళిలో పంపువాని పేరు నిజమా కాదా యని పరీక్షించు ఏర్పాటును లేదు. కవరుమీద ఎవరి పేరైనను వ్రాయవచ్చునన్నట్లు, లేఖమీదను ఎవరి పేరైనను వ్రాయవచ్చును. అడుగని లేఖలు వచ్చిపడు బాధ ఆ నియమావళికంటె పాతది. 1978 మే 3వ తేదీన అమెరికాలో గేరీ థ్యూర్క్ అను విక్రయాధికారి తన కంపెనీ కంప్యూటరులను గూర్చి సుమారు 400 మందికి ఒక్కమారుగా లేఖ పంపెను. అడుగని వ్యాపార లేఖలలో దానినే మొదటిదిగా చెప్పుదురు. తరువాత వచ్చిన కట్టుబాట్లన్నియు ఈ బాధకు చేసిన మందులే.

సంఘములు సామాన్యముగా మొదట చేయునది జీమెయిలు ఉచిత ఖాతా తెఱచి, అందఱి చిరునామాలను ఒకే లేఖకు తగిలించుట. దీనియందు రెండు దోషములున్నవి. చిరునామాలను మఱుగుపఱచు గడిలో గాక పైగడిలో పొరపాటున ఉంచినచో ప్రతి సభ్యుని చిరునామా ప్రతి యితర సభ్యునకు తెలియును. ఒకరు అందఱికి బదులు వ్రాయుదురు. దానికి మఱియొకరు బదులు వ్రాయుదురు. సాయంకాలమునకు పదుగురు సభ్యత్వము మానుకొందురు. ఇక రెండవది పరిమితి. ఉచిత ఖాతానుండి దినమునకు 500 మందికి మించి పంపరాదు. నాలుగువేలమందికి చేర్చుటకు ఎనిమిది దినములు పట్టును. గడువు వారము దినములున్న ప్రకటనకు ఈ మార్గము కొఱగాదు. అయిదువందలలోపు సభ్యులున్న చిన్న సంఘమునకు మాత్రము ఇది చాలును. అంతకు మించి వెదకికొనుట వృథా శ్రమ.

నమోదైన ధర్మసంస్థలకు గూగులు సంస్థ తన వర్క్‌స్పేస్ సదుపాయమును ఉచితముగా నిచ్చుచున్నది. కర్ణాటక సంఘముల నమోదు చట్టము (1960) క్రింద నమోదైన సంఘములు దీనికొఱకు దరఖాస్తు చేసి చూడదగును. దీనియందు దినమునకు 2,000 లేఖలు పంపవచ్చును. అయినను ఇది కార్యాలయపు ఉత్తర ప్రత్యుత్తరములకు ఉద్దేశించినది. వేలసంఖ్యలో ప్రకటనలు పంపుటకు దీనిని వాడుట ఎడ్లబండికి లారీ బరువు ఎత్తుటవంటిది.

రెండవ మార్గము ఈ పనికొఱకే ఏర్పడిన కంపెనీలు. మెయిల్‌చింప్ 2001లో అట్లాంటాలో ప్రారంభమై, 2009లో ఉచిత తరగతిని పెట్టి, చిన్న సంఘములను విశేషముగా ఆకర్షించినది. 2021లో ఇంట్యూట్ అను కంపెనీ దానిని కొన్నది. ఉచితముగా రెండువేల పేర్లు ఉంచుకొననిచ్చిన ఆ సంస్థ తరువాత దానిని అయిదువందలకు తగ్గించినది. ఉచితమని నమ్మి పట్టికలన్నియు అచ్చట పెట్టుకొనినవారు ఏమి చేయగలరు? మఱియొక సూక్ష్మము: అచ్చట వెల పంపిన లేఖలనుబట్టి గాక, దాచిన పేర్లనుబట్టి కట్టుదురు. ఒకే పేరు రెండు పట్టికలలో నున్నచో రెండుగా లెక్కింతురు. చందా మానుకొనినవారి పేర్లు తీసివేయకున్నచో వానికిని వెల పడును. ఏడాదికి నాలుగు లేఖలు మాత్రమే పంపు సంఘము ఇట్టిచోట ఏడాది పొడవున అద్దె చెల్లించినట్లగును. బ్రెవో అను ఫ్రెంచి కంపెనీ (2023 వఱకు దీని పేరు సెండిన్‌బ్లూ) దినమునకు 300 లేఖలు ఉచితముగా పంపనిచ్చును. నాలుగువేలమందికి పదునాలుగు దినములు. ఉచితమనగా రూపాయలకు బదులు దినములు చెల్లించుట యని ఈ లెక్కలవలన తేటపడుచున్నది. చెన్నై కేంద్రముగా గల జోహో సంస్థకును ఇట్టి సదుపాయము కలదు. రూపాయలలో చెల్లింపవచ్చును గనుక సంఘపు కోశాధికారికి అది సులభము.

మూడవ మార్గము అన్నిటికంటె చౌకయైనది, కొంత పరిజ్ఞానము కోరునది. అమెజాన్ సంస్థ 2011లో ప్రారంభించిన ఎస్.ఇ.ఎస్. అను సేవ వేయి లేఖలకు పది సెంట్లు మాత్రమే పుచ్చుకొనును. మన ఉదాహరణములోని సంఘము నెలకు పంపునవి 16,000 లేఖలు, వానికి 1.60 డాలరు. డాలరు తొంబది రూపాయలని లెక్కించినచో 144 రూపాయలు. పన్ను కలిపినను 170 రూపాయలు. తపాలాకు ఎనుబదివేలు, దీనికి నూటడెబ్బది! అయితే ఇచ్చట ఒక గుంట కలదు. లేఖకు తగిలించిన పత్రములకు జీబీకి 12 సెంట్ల చొప్పున వేఱుగా లెక్క కట్టుదురు. ఒక ఎంబీ ఆహ్వానపత్రమును నాలుగువేలమందికి తగిలించినచో సుమారు నాలుగు జీబీలు. అనగా 48 సెంట్లు. ఆ పర్యాయపు లేఖల వెల 40 సెంట్లే కదా. తోక గుఱ్ఱముకంటె పెద్దదైనది. ఆహ్వానపత్రమును సంఘపు వెబ్‌సైటునందుంచి, లేఖలో దానికి దారి మాత్రము చూపుట ఉత్తమము.

ఎస్.ఇ.ఎస్. ప్రధానముగా లేఖలు మోయు సేవ; పట్టికల నిర్వహణ దాని ముఖ్యోద్దేశము కాదు. ఎవరు చేరిరి, ఎవరు మానిరి, ఎవరి చిరునామా చెడిపోయినది అను వివరములు చూచుకొనుటకు మఱియొక సాధనము వలయును. ఇచ్చట చదువరులు వెదకవలసినది అమెరికాలో గాదు, బెంగుళూరిలోనే. షేర్ల క్రయవిక్రయములు జరుపు జెరోధా అను సంస్థ 2010లో ఈ నగరమున ప్రారంభమైనది. దాని సాంకేతిక ప్రధానాధికారి కైలాష్ నాథ్, తమ సంస్థ ఖాతాదారులకు లక్షలకొలది లేఖలు పంపవలసిన అవసరమునుబట్టి, లిస్ట్‌మాంక్ అను సాధనమును రచించి 2019లో లోకమునకు ఉచితముగా నిచ్చిరి. దీనిని ఎవరైనను వాడుకొనవచ్చును. దాని మూలమును చదివి మార్చుకొనవచ్చును. 70 లక్షలకు పైగా లేఖలు పంపునపుడు సైతము ఇది 57 ఎంబీల మెమొరీకి మించి వాడలేదని నిర్మాతలు ప్రకటించియున్నారు. షేర్ల లావాదేవీలు చేసినవారికి ఆనాటి వివరపత్రము పంపవలెనని నియమము కలదు. అట్టి పత్రములు పదునైదు లక్షలకు పైగా ఇరువదియైదు నిమిషములలో సిద్ధపఱచి పంపు పద్ధతిని ఆ సంస్థవారే 2024లో వివరించిరి. లక్షలమందికి సరిపోయిన పనిముట్టు నాలుగువేల తెలుగు కుటుంబములకు చాలదా? నెలకు కొన్ని వందల రూపాయల అద్దెకు దొరకు చిన్న సర్వరునందు ఇది చక్కగా నడచును. సర్వరు ఉన్నది గదా, అమెజాన్ ఎందులకు, లేఖలు నేరుగా మనమే పంపుదమని సాహసించుట మాత్రము తగదు. పెక్కు సర్వరు కంపెనీలు లేఖలు వెడలు ద్వారమును మూసియుంచును. తెఱచినను, పరిచయము లేని సర్వరునుండి వచ్చు లేఖలను జీమెయిలు అనుమానించును.

అనుమానము అను మాట వచ్చినది గనుక ముఖ్య విషయమునకు వత్తము. లేఖ పంపుట వేఱు, చేరుట వేఱు. 2024 ఫిబ్రవరి నుండి గూగులు, యాహూ సంస్థలు అధికసంఖ్యలో లేఖలు పంపువారికి కఠినమైన నియమములు విధించినవి. జీమెయిలు ఖాతాలకు దినమునకు అయిదువేలు పంపువారు వీనిని తప్పక పాటింపవలెను. అంతకు తక్కువ పంపువారును పాటించుట క్షేమము. 2025 మేలో మైక్రోసాఫ్టును ఇదే త్రోవ పట్టినది. నియమములలో మొదటిది గుర్తింపు. ఎస్.పి.ఎఫ్. అనునది, సంఘము పేరిట లేఖలు పంపుటకు ఏ సర్వరులకు అధికారము కలదో తెలుపు బహిరంగ ప్రకటన. డి.కె.ఐ.ఎం. అనునది లేఖపై వేయు ముద్ర. దారిలో ఒక్క అక్షరము మారినను ముద్ర చెడును. డీమార్క్ అనునది ఈ రెండును సరిపడనిచో లేఖను ఏమి చేయవలెనో తెలుపు ఆదేశము. ఈ మూడింటికిని పైకము లేదు. సంఘమునకు స్వంత డొమైను పేరు మాత్రము ఉండవలెను. దానికి ఏడాదికి సుమారు వేయి రూపాయలు.

రెండవ నియమము: చందా మానుకొనగోరువారు ఒక్క నొక్కుతో మానుకొనగలుగవలెను, వారి కోరికను రెండు దినములలో మన్నింపవలెను. మూడవది కఠినమైనది. లేఖను చూచి ‘ఇది స్పాము’ అని మీట నొక్కువారు వేయింటికి ముగ్గురు కారాదు. ఒకరికంటె తక్కువ యుండుట మేలు. నాలుగువేలమందిలో పండ్రెండుగురు విసుగుచెందిన చాలును, మిగిలిన 3,988 మంది లేఖలకును ముప్పు. సభ్యుడు మానుకొనుటను కార్యదర్శులు అవమానముగా తలంచి, ఆ లంకెను చిన్న అక్షరములలో దాచుటకు యత్నింతురు. ఆ లంకె కనబడనివాడు స్పాము మీట నొక్కును. పోవువానికి తలుపు తెఱచియుంచుటయే ఇల్లు నిలుపుకొనుట.

తెలుగు లిపికి ఇందు సంబంధించిన చిక్కు ఒకటి కలదు. 1990వ దశకమున అమెరికాలోని తెలుగువారు ఒండొరులకు ఈ-మెయిలు వ్రాసికొనునపుడు తెలుగు లిపి సాధ్యము కాక, రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిని అనుసరించి రోమను అక్షరములతో వ్రాసెడివారు. నేడు యూనికోడువలన ఆ యిబ్బంది తొలగినది. కాని ఇంగ్లీషు అక్షరము ఒక బైటులో ఇముడగా, తెలుగు సంకేతము ప్రతిదియు మూడు బైట్లు పుచ్చుకొనును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమున ఆరు సంకేతములున్నవి. అనగా పదునెనిమిది బైట్లు. జీమెయిలు 102 కిలోబైట్లు దాటిన లేఖను నడుమ కత్తిరించి, తక్కినది చూడగోరువారు నొక్కుడని చూపును. దీర్ఘమైన తెలుగు లేఖ అదే నిడివి గల ఇంగ్లీషు లేఖకంటె చాల త్వరగా ఆ హద్దు చేరును. కత్తిరింపబడు భాగము చివరిది. చందా మానుకొను లంకె ఉండునదియు చివరనే. ఆ పిమ్మట జరుగునది పైన చెప్పబడినది. అందుచే తెలుగు సంఘములు ఆ లంకెను లేఖ మొదటనే ఒక పంక్తిలో చూపుటయు, వ్యాసమంతయు పంపక తొలి పేరాను మాత్రము పంపుటయు యుక్తము.

ఈ చిక్కు తప్పించుకొనుటకై కొందఱు అను ఫాంట్లలో కూర్చిన పుటను బొమ్మగా మార్చి పంపుదురు. ఇది రోగముకంటె చెడ్డ మందు. బొమ్మలను చూపకుండ నిలుపుకొనిన ఫోనులో ఆ లేఖ తెల్లకాగితము. వెదకినను దొరకదు, చూపు లేనివారికి ఫోను చదివి వినిపింపలేదు, మాటలు లేని బొమ్మ లేఖలను వడపోత యంత్రములు సందేహించును.

పట్టిక విషయము మిగిలియున్నది. పెండ్లి సంబంధముల జాబితానుండియో, అపార్టుమెంటు నివాసుల పుస్తకమునుండియో చిరునామాలు ఎత్తివ్రాసికొనుట పలుచోట్ల గల వాడుక. చౌకగా కనిపించు ఈ సేకరణ చివరకు అన్నిటికంటె ఖరీదైనది. అమెజాన్ సేవలో తిరిగివచ్చిన లేఖలు నూటికి అయిదు దాటినచో ఖాతాను పరీక్షకు పెట్టుదురు. పది దాటినచో నిలిపివేయవచ్చును. క్రొత్తగా చేరువారికి మొదట ఒక లేఖ పంపి, అందలి లంకెను నొక్కినవారినే పట్టికలో చేర్చు పద్ధతి శ్రేష్ఠము. సంఖ్య తగ్గును, తగ్గిన సంఖ్య నిజమైనది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు నియమములు 2025 నవంబరులో వెలువడినవి. పదునెనిమిది సంవత్సరములు నిండని పిల్లల వివరములకు తల్లిదండ్రుల అనుమతి వలయునని ఆ చట్టము చెప్పుచున్నది. కావున తరగతి పట్టికలో పిల్లల చిరునామాలు గాక తల్లిదండ్రుల చిరునామాలే యుండవలెను.

బ్రూక్‌ఫీల్డువంటి చోట లిస్ట్‌మాంక్ అమర్చగల యువకులు ప్రతి వీథిలో దొరకుదురు. ఒక ఆదివారపు పని. కాని వారును ఇతరులవలెనే ఇల్లు మారువారు, దేశము మారువారు. డొమైను పేరు, అమెజాన్ ఖాతా, సర్వరు తాళములు ఒక్క స్వచ్ఛంద సేవకుని స్వంత పేరిట నున్నచో, అతడు విమానమెక్కిన నాడు సంఘపు నోరు మూతపడినట్లే. ఖాతాలు సంఘము పేరిటనే తెఱచి, సంకేతపదములు ఇద్దఱు కార్యవర్గ సభ్యులయొద్ద నుంచి, డొమైను గడువు తేదీని ఆస్తి పన్ను తేదీవలె లెక్కల పుస్తకమున వ్రాసికొనవలెను.

క్రొత్త ఖాతానుండి మొదటి దినముననే నాలుగువేలు పంపరాదు. అమెజాన్ కూడ అనుమతి యిచ్చువఱకు దినమునకు 200 లేఖలు మాత్రమే, అవియు ముందుగా ధ్రువపఱచిన చిరునామాలకే, పంపనిచ్చును. అనుమతి లభించిన పిదప మొదటి వారము తప్పక తెఱచి చదువు రెండు మూడు వందలమందికి, తరువాతి వారము దానికి రెట్టింపుగా, ఇట్లు క్రమముగా పెంచుకొనుచు పోయినచో నెలన్నరలో పూర్తి సంఖ్యకు చేరవచ్చును. కర్ణాటకమున పాఠశాలలు మే చివరనో జూనులోనో తెఱచుదురు. తెలుగు తరగతి ప్రకటన ఏప్రిలునందు వెలువడవలెను. అందుకు ఫిబ్రవరిలో ప్రారంభించినచో వ్యవధి సరిపోవును.